తలుపు కాడ సీటు

మా లైన్లలో పగటిపూట మూసిన తలుపు కనబడితే రెండే అర్థాలు. ఆ ఇంటివాళ్లు ఊరికి పోయి ఉండాలి, లేదంటే లోపల ఏదో జరగకూడనిది జరిగి ఉండాలి. కోలారు బంగారు గనుల దగ్గర పుట్టిన పసిపిల్లకైనా తెలిసిన సంగతి ఇది. నాకూ తెలుసు. గని కూలీల కోసం వరసగా కట్టిన ఆ ఒంటిగది ఇళ్లలోనే నేను పుట్టాను, పెరిగాను, కాపురం చేశాను. తెలిసి కూడా ఆ తప్పు చేశాను. మూడు రోజుల ట్రైనింగు మనిషి బుర్రను ఎంత శుభ్రంగా తుడిచిపెట్టగలదో చెప్పడానికి నాకంటే మంచి ఉదాహరణ మీకు దొరకదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు మొన్న నన్ను పట్టుకుని, మీ సర్వీసులో మీరు గెలిచిన కేసు ఒకటి రాసివ్వండమ్మా అన్నారు. బోలెడున్నాయిలే అని గొప్పగా ఒప్పుకున్నాను. తీరా రాయడానికి కూర్చుంటే ఈ ఒక్క అమ్మాయి దగ్గరే చెయ్యి ఆగిపోయింది. ఇది గెలుపో ఓటమో ఇన్నేళ్లయినా నాకు తేలలేదు. తేలనిదాన్ని తెచ్చి మీ నెత్తిన పెడుతున్నాను, తిట్టుకోకండి.

గనులు మూసేనాటికి నేను గని ఆసుపత్రిలో ఆయాను. గనితోపాటు నా ఉద్యోగమూ పోయింది. రెండు మూడేళ్లు అక్కడా ఇక్కడా పాచిపని చేశాక, ఆండర్సన్‌పేటలో ఒక స్వచ్ఛంద సంస్థ ఆఫీసు తెరిచింది. పనులు పోయిన ఇళ్లలో తాగుడూ తన్నులూ పెరిగాయి, ఆడపిల్లలు బడి మానేస్తున్నారు, వాళ్ల దగ్గర కూర్చుని మాట్లాడే మనిషి కావాలి అని నన్ను తీసుకున్నారు. నాకు తెలుగు, తమిళం, కన్నడం మూడూ వచ్చు. మూడింటిలోనూ తిట్టడం ఇంకా బాగా వచ్చు. ఆ అర్హతతోనే చేరాను.

బెంగళూరులో మూడు రోజులు ట్రైనింగు ఇచ్చారు. కష్టం చెప్పుకునే మనిషికి ఏకాంతం కావాలట. గది ఉండాలి, గదికి తలుపు ఉండాలి, మాట్లాడేటప్పుడు ఆ తలుపు మూసి ఉండాలి. కుర్చీలు ఎదురెదురుగా కాకుండా కాస్త పక్కకు తిప్పి వేయాలి. మధ్యలో కాగితపు రుమాళ్ల డబ్బా పెట్టాలి. నేను తిరిగొచ్చి అన్నీ అక్షరాలా అట్లాగే అమర్చాను. తలుపుకు కొత్త గడియ కూడా వేయించాను. దాన్ని చూసుకుని మురిసిపోయాను కూడా, సిగ్గులేకుండా చెబుతున్నాను.

ఆఫీసులో మేము ముగ్గురమే. పైన ఒక మేడమ్, బెంగళూరులో చదువుకుని వచ్చిన పాతికేళ్ల పిల్ల. నన్ను ఆంటీ అనేది. వారం వారం ఎన్ని సెషన్లు జరిగాయో ఫారాలు నింపి పైకి పంపడం ఆ పిల్ల తలనొప్పి. కింద వాచ్‌మన్, ముప్ఫై ఏళ్లు గని లోపల రాయి కొట్టి వచ్చిన పెద్దాయన. ఆదివారం చర్చికి వేసుకునే చొక్కా ఒకటి, మిగతా ఆరు రోజులకు చొక్కా ఒకటి. గేటు పక్కన స్టూలు మీద కూర్చుని దగ్గేవాడు, అడగకుండానే టీ కాచి ఇచ్చేవాడు. మా కౌన్సెలింగును ఆయన "ఆ మాట్లాడే పని" అనేవాడు. ఆ మాటలో ఎగతాళి ఉందో గౌరవం ఉందో నాకెప్పుడూ అర్థం కాలేదు.

అనపకాయలు సంతకు దిగే చలికాలం అది. ఒక ఆదివారం ఉదయం ఒక తల్లి తన కూతురిని తీసుకుని వచ్చింది. తల్లి బెంగళూరులో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేసేది. తెల్లారకముందే రైలెక్కితే దీపాలు పెట్టాకే ఇల్లు చేరేది. తండ్రి కూడా అక్కడే ఎక్కడో కాపలా పని, వారానికోసారి వచ్చేవాడు. అమ్మాయికి పదిహేడేళ్లు. బంగారుపేటలో పీయూసీ, అంటే మీ ఇంటరు, రెండో ఏడు, మార్చిలో పరీక్షలు. మూడు వారాలుగా కాలేజీకి పోవడం లేదు. పొద్దున్నే జడ వేసుకుని, పుస్తకాలు పట్టుకుని స్టేషన్ దాకా పోవడం, రైలు వచ్చి పోయేదాకా నిలబడటం, తిరిగి ఇంటికి రావడం. ఎందుకే అంటే రైలెక్కను అనే మాట తప్ప ఇంకొకటి లేదు.

"ఎక్కకపోతే ఎక్కకపోనీ. ఇంట్లో ఒంటిగా మాత్రం పెట్టుకోను. బూదికోటలో మా అక్క ఉండాది, ఆడ టమేటా తోటలో పనికి పంపించేస్తా. ఇంగ చదువూ లేదు, గిదువూ లేదు," అంది తల్లి.

కఠినమైన మనిషేమీ కాదు. ఆ గొంతులో కోపంకంటే భయమే ఎక్కువ ఉంది. అమ్మాయి మాత్రం బూదికోట పేరు వినగానే తల్లి కొంగు పట్టుకుంది. ల్యాబులో రక్తపరీక్షలు చేసే చదువు చదవాలని దాని ఆశ అని తర్వాత తెలిసింది. పరీక్ష రాయకపోతే ఆ ఆశ టమేటా తోటలోకే పోతుంది.

నేను తల్లిని బయట కూర్చోబెట్టి, అమ్మాయిని గదిలోకి తీసుకుపోయి, తలుపు మూసి గడియ పెట్టాను. "నీ మంచికేనమ్మా, ఇక్కడ ఎవురూ వినరు. ఏం జరిగిందో చెప్పు," అన్నాను.

అమ్మాయి నా మొహం చూడలేదు. గడియ వైపు చూసింది. మొండిపిల్ల అనుకున్నాను. రైల్లో ఎవడైనా ఏడిపించాడా అని అడిగాను. చెయ్యి వేశాడా, మాట అన్నాడా, వెంట వచ్చాడా అని అడిగాను. తెలుగులో అడిగి, తమిళంలో అడిగి, చివరికి కన్నడంలో కూడా అడిగాను, అదేదో భాష మారిస్తే తాళం తెరుచుకుంటుందన్నట్టు. బెల్లం కొట్టిన రాయిలా ఉలుకూ పలుకూ లేదు. దాని పెదవి మీద చెమట పట్టింది, అంత చలిలో. నేను రుమాళ్ల డబ్బా దగ్గరికి జరిపాను. నలభై నిమిషాలకు నోరు తెరిచి, ఏమీ లేదు, కడుపునొప్పి అంది. నేను గడియ తీయగానే గాలిలా బయటికి పోయింది. చెప్పులు కూడా వేసుకోలేదు. తల్లి ఆ చెప్పులు చేత్తో పట్టుకుని వెనకాలే పరిగెత్తింది.

ఫారంలో రాశాను: రైలంటే భయం, కారణం చెప్పలేదు, ఏమీ లేదంది. సంతకం పెట్టాను. పని సక్రమంగా చేశానన్న తృప్తితో టీ కూడా తాగాను.

లైన్లలో గోడలకు చెవులే కాదు, నోళ్లు కూడా ఉంటాయి. సాయంత్రానికి కుళాయి దగ్గర బిందెల వరసలో మాట పుట్టింది. ఆ పిల్లను లోపల వేసి తలుపు మూసుకున్నారట, అదీ ఆసుపత్రిలో ఆయాగా పనిచేసినావిడ, నలభై నిమిషాలు. ఆయా తలుపు మూసుకుని ఆడపిల్లతో ఏం చేస్తుంది? పరీక్ష చేస్తుంది. ఏం పరీక్ష? అంతే, రాత్రి అన్నాల వేళకు ఆ పిల్లకు మూడో నెల అయి కూర్చుంది. ఏకాంతం కోసమని నేను మూసిన తలుపు ఆ పిల్లను నడివీధిలో నిలబెట్టింది. నాకు ఆ సంగతి మరునాడు తల్లి వచ్చి చెప్పేదాకా తెలియదు. రైలు దిగి నేరుగా వచ్చింది ఆమె, భుజాన టిఫిన్ సంచీతోనే. అరవలేదు. నీకు మా లైను తెలియదా అమ్మా, నువ్వు మాదానివి కావా అని మాత్రం అడిగింది. క్రిస్మస్ కాగానే పిల్లను బూదికోట పంపిస్తానని చెప్పి వెళ్లిపోయింది.

అంతకంటే చెప్పుతో కొట్టి ఉంటే బాగుండేది. 

మేడమ్ కంగారుపడి, బెంగళూరులో పెద్ద డాక్టరు దగ్గరికి రాసిద్దామంది. రైలెక్కని పిల్ల బెంగళూరు ఎట్లా పోతుందని నేను ఆమె మీద ఇంతెత్తున లేచాను. అత్త మీద కోపం దుత్త మీద. పాపం మేడమ్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చుంది. అప్పుడు పెద్దాయన టీ గ్లాసులు తెచ్చి మా ఇద్దరి ముందూ పెట్టి, పోకుండా అక్కడే నిలబడ్డాడు.

గని లోపల ఒక్కోసారి రాయి తనంతట తానే పగిలి పేలేది. పైన మా ఇళ్లలో గిన్నెలు కిందపడేవి. ఎవరింటి మనిషో అని అందరమూ గనిలోకి దిగే షాఫ్టు దగ్గరికి పరిగెత్తేవాళ్లం. అట్లాంటి పేలుడులో ఒకసారి పెద్దాయన పక్కవాడు పోయాడు, ఈయన బతికి పైకి వచ్చాడు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, ఆయన నోట ఎవరూ వినలేదు. ఆ రోజూ అది చెప్పలేదు. ఆ తర్వాతది చెప్పాడు.

"పైకి వచ్చినోణ్ణి ఏం జరిగిందని ఎవురూ అడగరమ్మా. యాడ కూసుంటావప్పా అని అడుగుతారు. యాడ అంటే ఆడ కూసోబెట్టి, పక్కన ఒగడు కూసుంటాడు. అంతే. నేను పదకొండు దినాలు షాఫ్టు బయట ఇనుప బల్ల మీద కూసున్న్యా."

అట్లా కూర్చుంటే సరిపోతుందా, అందరూ మళ్లీ గనిలోకి దిగారా అని నేను విసురుగా అడిగాను.

"కొందురు దిగినారు. కొందురు దిగలే. దిగనోళ్లను గూడా ఎవురూ అడగలే," అన్నాడు. ఊరుకున్నంత ఉత్తమం లేదని సామెత చెప్పి ఖాళీ గ్లాసులు తీసుకుపోయాడు. నాకు సగం అర్థమైంది, సగం చిరాకు వేసింది. ఊరుకోవడం నా ఒంట్లో లేదు. నా నోట్లో నువ్వుగింజ నానదు.

తర్వాతి ఆదివారం నేను తల్లి దగ్గరికి పోయి క్షమాపణ అడిగాను. అడిగి, ఇంకొక మాట కూడా అన్నాను. ఆఫీసులో పండక్కి పితికిపప్పు చేసుకుంటున్నాము, నాలుగు కేజీల కాయలున్నాయి, నా వేళ్లు పట్టేశాయి, నీ కూతురిని సాయానికి పంపు అన్నాను. అబద్ధమే. కాయలు మాత్రం నిజంగానే కొన్నాను. పితికిపప్పు అంటే మీలో బయటి ఊళ్లవాళ్లకు తెలియదేమో. అనపకాయలు ఒలిచి, గింజలు నానబెట్టి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే తోలు చేతిలో ఉండిపోయి పప్పు ఎగిరి గిన్నెలో పడుతుంది. ఆ కాలంలో మా వైపు ఏ వాకిట్లో చూసినా నలుగురు ఆడవాళ్లు కూర్చుని ఇదే పని. కళ్లు గిన్నె మీద ఉంటాయి, ఎవరూ ఎవరి మొహమూ చూడక్కరలేదు. చూసేవాళ్లకు కూడా అందులో చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. తల్లి నన్ను చాలాసేపు చూసి, సరే అంది.

అమ్మాయి వచ్చింది. యాడ కూర్చుంటావమ్మా అని అడిగాను. ఆ మాట అరువు తెచ్చుకున్నది కాబట్టి నా నోటికే వింతగా ఉంది. అది ఆఫీసంతా ఒకసారి చూసి, వరండా అంచున, గేటుకు దగ్గరగా, పెద్దాయన స్టూలు పక్కన కూర్చుంది. నేను గిన్నె అక్కడికే మోసుకుపోయాను.

ఏమీ అడగలేదు. ఎంత కష్టపడ్డానో ఆ దేవుడికే తెలుసు. మరునాడూ అంతే, కాయలు అయిపోతే మళ్లీ కొన్నాను. మూడోనాటికి ఇంకో ఇద్దరు ఆడపిల్లలు దారిన పోతూ వచ్చి కూర్చున్నారు. వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటుంటే, నా గదిలో ఏడాదిగా వినని సంగతులు ఆ గిన్నె చుట్టూ విన్నాను. రైలెక్కని పిల్ల మాత్రం తల దించుకుని పితికేది. రెండో వారంలో ఒకసారి నవ్వింది. దాని చేతిలోంచి ఎగిరిన పప్పు పోయి మేడమ్ కళ్లద్దానికి తగిలింది. ఆంటీ, ఇది సెషన్ అయితే ఏ గడిలో రాయాలి అని మేడమ్ దీనంగా అడిగింది. పప్పు గడిలో రాయి అన్నాను. ఆ సాయంత్రం మేడమ్ కూడా వచ్చి కింద కూర్చుంది. ఒక్క గింజా సరిగ్గా పితకలేదు, అది వేరే సంగతి.

అమ్మాయి పుస్తకాలు తెచ్చుకుని వరండాలోనే చదువుకోవడం మొదలుపెట్టింది. క్రిస్మస్ పోయింది. నేను మళ్లీ తల్లి కాళ్లావేళ్లా పడ్డాను. ఆమె చివరికి ఒక మాట ఇచ్చింది. పరీక్ష రాస్తే ఇక్కడే ఉంటుంది, మొదటి రోజు రైలెక్కకపోతే ఆ సాయంత్రమే బూదికోట బస్సు ఎక్కుతుంది.

పరీక్షలకు పది రోజుల ముందు అమ్మాయి తలెత్తకుండానే నన్ను అడిగింది. "అమ్మా, పరీక్ష హాల్లో తలుపు మూస్తారా?"

"లేటుగా పోతే మూసేస్తారు. మనం ముందుగానే పోదాంలే," అన్నాను.

అది మళ్లీ పుస్తకంలోకి తల దించుకుంది. నా తెలివికి నేనే మొక్కుకోవాలి. పక్కన స్టూలు మీద పెద్దాయన బీడీ ఆర్పి, "పరీక్షలో యాడ కూసుంటావమ్మా?" అని అడిగాడు.

"తలుపు కాడ," అంది అమ్మాయి.

మరునాడు ఆయన చర్చి చొక్కా వేసుకుని బంగారుపేట పోయాడు. ఆ పరీక్ష జరిగేది అమ్మాయి చదివే చోట కాదు, వేరే కాలేజీలో. అక్కడ పెద్దవాళ్లను కలిసి, మా మనవరాలికి ఉబ్బసం, గాలి ఆడాలి, తలుపు పక్కన బెంచీ ఇచ్చి తలుపు తీసిపెట్టండి అని బతిమాలాడట. సాక్ష్యానికి తన దగ్గు దగ్గి చూపించాడట. వాళ్లు భయపడి ఒప్పుకున్నారు. సంస్థ పరువు తీస్తావా, అబద్ధాలు చెబుతావా అని నేను మండిపడితే, "దగ్గు నిజమే గదమ్మా," అన్నాడు.

మొదటి పరీక్ష రోజు తల్లికి సెలవు దొరకలేదు. నేను వెంట పోయాను. రైలు వచ్చింది. మామూలు జనమే, పాలక్యాన్లు, టిఫిన్ డబ్బాలు, తోపులాట. అమ్మాయి కదలలేదు. గార్డు ఈల వేశాడు.  సాయంత్రం బూదికోట బస్సు నా కళ్లముందు ఆడింది. ఎక్కు అని అరవబోయి, ఎట్లాగో మింగి, "యాడ కూర్చుంటావు?" అన్నాను. తలుపు కాడ అని, నా చెయ్యి పట్టుకుని ఎక్కేసింది.

తలుపు పక్కనే మూలకు నిలబడ్డాము. రైలు కదిలిన కాసేపటికి, "అమ్మా, మీరు ఈ పక్కకు రాండి," అని నన్ను అటు నుంచి ఇటు మార్చింది. నేను మారిన వైపు నలుగురు మగవాళ్లు కూర్చుని ఉన్నారు, వాళ్లకూ దానికీ మధ్య ఇప్పుడు నేను. నలుగురూ నాకు తెలిసినవాళ్లే. వాళ్లలో ఒకాయన ఆడపిల్లలను చూడగానే లేచి సీటు ఇచ్చేవాడు, పేరుపేరునా పలకరించేవాడు. ఆ రోజూ, కూర్చో పాపా అని చోటు చూపించాడు. నాకు ఒళ్లంతా కారం రాసినట్టయింది. దొరికాడు దొంగ అనుకున్నాను. అక్కర్లేదులే అని ఒక్క చూపు చూశాను, ఆయన తెల్లమొహం వేశాడు. దారంతా ఆయన్ను కళ్లతో కాల్చుతూనే ఉన్నాను. బంగారుపేట దగ్గరపడుతుండగా నా చేతిలో ఉన్న అమ్మాయి చెయ్యి చల్లబడటం తెలిసింది. తెలిసీ దాని వైపు చూడలేదు. నా చూపంతా ఆ మనిషి మీదే.

దిగాక జనమంతా పోయేదాకా అమ్మాయి ప్లాట్‌ఫారం మీద నిలబడింది. తర్వాత పోదాం అంది. హాల్లో తలుపు పక్క బెంచీ ఇచ్చారు, తలుపు తీసిపెట్టారు. దానికి కనబడేటట్టు నేను ఎదురుగా మెట్ల మీద మూడు గంటలు ఎండలో కూర్చున్నాను. అప్పుడప్పుడు తలెత్తి నన్ను చూసి, మళ్లీ రాసుకునేది. అన్ని పరీక్షలూ అట్లాగే రాసింది. సెకండ్ క్లాసులో పాసయింది. తల్లి మాట నిలబెట్టుకుంది. అమ్మాయి కోలారులో ల్యాబు చదువు చదివి బెంగళూరులో ఉద్యోగంలో చేరింది.

ఫలితాలు వచ్చిన రోజు పెద్దాయన స్క్రూడ్రైవర్ తెచ్చి నా గది గడియ ఊడదీసి జేబులో వేసుకున్నాడు. ఎవరినీ అడగలేదు. ఆ తర్వాత ఆ గదిలో మేము ఉల్లిపాయలు పోసుకున్నాము. కొన్నేళ్లకు ఆయన ఆ దగ్గుతోనే పోయాడు. నేను చివరిదాకా ప్రతి పిల్లనూ యాడ కూర్చుంటావనే అడిగాను. ట్రైనింగుల్లో అదేదో నేనే కనిపెట్టినట్టు చెప్పుకున్నాను కూడా.

కానీ ఎవరు అన్న ప్రశ్న నన్ను తినేసేది. ఇప్పుడు మీకు చట్టం ఉంది. పద్దెనిమిది నిండని పిల్లకు జరిగిందని తెలిస్తే మీరు ఊరుకోవడానికి వీల్లేదు, ఊరుకోకూడదు కూడా. అప్పుడు మాకు అట్లాంటిది లేదు. నేను అడగలేదు, అది చెప్పలేదు. అడగకపోవడం మంచిదయిందా? ఆ పిల్ల వరకు అవుననిపిస్తుంది. అదే రైల్లో రోజూ పోయే మిగతా పిల్లల సంగతో? ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా నేను ఆ సీటు ఇచ్చే మనిషి మీద కసి తీర్చుకునేదాన్ని. మా సంస్థ కమిటీలోకి వస్తానంటే రానివ్వలేదు. కూతురి పెళ్లికి పిలిస్తే పోలేదు. ఆయన పోయినప్పుడు లైనంతా పోయింది, నేను మాత్రం మా ఇంటి మెట్టు మీదే కూర్చున్నాను. మా మధ్య ఏం జరిగిందని ఆయన భార్య తర్వాత అందరినీ అడిగిందట.

పోయిన చలికాలం ఆ అమ్మాయి నన్ను చూడటానికి వచ్చింది. ఇప్పుడు ముప్ఫై దాటాయి. చేతిలో అనపకాయల సంచీ. గింజలు ముందే నానబెట్టి డబ్బాలో తెచ్చింది, పాత అలవాటు గుర్తుందన్నమాట. యాడ కూర్చుంటావు అన్నాను. నవ్వి, గడప దగ్గర ఎండలో కూర్చుంది. ఇద్దరమూ పితుకుతూ కూర్చున్నాము. నా నోరు ఊరుకోదు కదా. రైల్లో సీటు ఇచ్చే ఆ మనిషి పోయాడమ్మా, నేను మట్టి కూడా వేయలేదు అని కాస్త గర్వంగానే చెప్పాను.

అది తెల్లబోయింది. "ఎందుకమ్మా? ఆయప్ప మంచోడు గదా. రైల్లో నాకేమీ కాలేదే."

మరి ఆ రోజు నన్ను ఈ పక్కకు ఎందుకు మార్చావు అని అడిగాను.

"తలుపుకు మీరు అడ్డం ఉంటిరి. గాలి రాలే."

నా చేతిలో గింజ అట్లాగే ఉండిపోయింది. పదిహేనేళ్లకు పైగా ఒక మనిషిని మనసులో ఉరి తీసి ఉంచాను, గాలికి నేను అడ్డం వచ్చినందుకు. మెట్టు మీద కూర్చున్న ఆ రోజు గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను. అమ్మాయి ఇంకో గుప్పెడు గింజలు తీసుకుంది. పప్పులు గిన్నెలో పడుతున్న చప్పుడే.

"అమ్మా, ఒగటి అడగనా? ఆ పొద్దు తలుపు ఎందుకు మూసినారు?"

ఇన్నేళ్లుగా అది దాచుకున్న ప్రశ్న అది. ట్రైనింగులో చెప్పారనబోయాను, నాకే అసహ్యం వేసింది. "నీ మంచికే అనుకున్నానమ్మా," అన్నాను.

అది తలెత్తలేదు. వేళ్లు పని ఆపలేదు. "బంగారుపేటలో రైలు దిగి పోయే చోట, ఒగాయన గూడా తలుపు మూసి ఇదే మాట చెప్పినాడు."

రైలంటే భయం, కారణం చెప్పలేదు అని రాసిన నా చేతులవైపు చూసుకున్నాను. దానికి రైలంటే భయం కాదు, రైలు చేర్చే చోటంటే భయం. అది మొదటి రోజే గడియ వైపు చూస్తూ చెప్పింది. పరీక్ష హాలు తలుపు గురించి అడిగి చెప్పింది. బంగారుపేట దగ్గర చల్లబడిన చేత్తో చెప్పింది. ఎవరాయన, ఎక్కడి గది, దాని తర్వాత ఆ గదిలోకి ఇంకెవరు పోయారు, అన్నీ నాలుక చివరికి వచ్చాయి. అడగాలో వద్దో తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. ఏం చేయాలో తోచక లేచి నిలబడ్డాను. నిలబడ్డాక ఏదో ఒకటి చేయాలి కదా, తలుపు ఇంకా తియ్యనా అమ్మా అని అడిగాను.

అది గిన్నె నేను కూర్చున్న చోటు వైపు జరిపింది.

"తీసే ఉండాది గదమ్మా. కూసోండి."